ఉడుముకు ఏ నేల, ఏ తిండి?

ఉడుములను, వాటి జాతి బల్లులను ఇళ్లలో పెంచుకునేవాళ్లు పరదేశాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లను మొదట వేధించే ప్రశ్నలు రెండు: పెట్టెలో అడుగున ఏ మట్టి పరవాలి, ఏం తినిపించాలి. మన దేశంలో ఈ పెంపకానికి చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉడుము ఉంది. దాన్ని పట్టినా, చంపినా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా నేరమే. రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. అయినా ఆ రెండు ప్రశ్నలూ కొట్టిపారేయదగ్గవి కావు. వాటిని పెట్టెను గురించి కాక, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి నడుమ ఉన్న నేలను గురించి అడిగితే ఈ సీమ గడిచిన నూట డెబ్బై ఏళ్ల చరిత్ర ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది. ఆనకట్టలు, కాలవలు, వరి, చేపల చెరువులు అన్నీ మనిషి తన తిండి కోసం చేసుకున్న ఏర్పాట్లు. అయితే అవి ఒక శతాబ్దం పాటు ఉడుముకు కావలసిన నేలనూ తిండినీ అనుకోకుండా సమకూర్చాయి, ఆ తరవాతి యాభై ఏళ్లలో అంతే అనుకోకుండా లాక్కున్నాయి. చట్టం ఉడుము ఒంటిని కాపాడింది గానీ దాని నేలను ఎవరికీ అప్పగించలేదు. ఈ వ్యాసం వాదన అదే.

ముందు ఉడుము ఏమి కోరుతుందో తేల్చుకోవాలి. 1802లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ దీని శాస్త్రీయ నామంలో బెంగాల్‌ను చేర్చాడు గానీ, ఇది ఉపఖండమంతటా బతికే జీవి. అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ ఆఫెన్‌బర్గ్ దీని జీవితాన్ని పరిశీలించి 1994లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. మన ఉడుము గురించి ఇవాళ శాస్త్రానికి తెలిసినదాంట్లో పెద్ద పాలు ఆ కృషి వల్ల వచ్చిందే. తోకతో కలిపి మీటరున్నర దాకా పెరిగే ఈ జంతువు పగలు తిరుగుతుంది, పొద్దున ఎండ కాగి ఒళ్లు వేడెక్కాక మేతకు బయలుదేరుతుంది, రాత్రి కలుగులోనో చెట్టు తొర్రలోనో పడుకుంటుంది. వానాకాలంలో ఆడ ఉడుము నేలలో గుంట తవ్వి, లేదా చెదపుట్టను తొలిచి, సుమారు ఇరవై గుడ్లు పెట్టి మట్టి కప్పేస్తుంది. అవి పిల్లలు కావడానికి దాదాపు ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. అంటే శ్రావణ భాద్రపదాల్లో పెట్టిన గుడ్డు ఎండాకాలం తలుపు తట్టేదాకా మట్టిలోనే ఉండాలి. అన్నాళ్లూ ఆ మట్టిని పార కదిలించకూడదు, నీళ్లు ముంచెత్తకూడదు, పూర్తిగా ఎండి బీటలు వారనూ కూడదు. నేల విషయంలో ఉడుము కోరే అసలు కోరిక ఇదే: ఎనిమిది నెలలు కదలని మట్టి.

తిండి విషయంలో దాని కోరిక వేరే రకం. ఉడుము కోడిపిల్లల దొంగ అని మనకు గట్టి నమ్మకం. కానీ దాని మేతలో పెద్ద భాగం పురుగులే: పెంకుపురుగులు, వాటి లార్వాలు, మిడతలు, కీచురాళ్లు. వాటితో పాటు పీతలు, నత్తలు, కప్పలు, ఎలుకలు, పాములు, పక్షి గుడ్లు, చచ్చిన జంతువుల మాంసం. ఏ ఒక్కదాని మీదా ఆధారపడదు. పిల్ల ఉడుములు చెట్లెక్కి చిన్న పురుగులు ఏరుకు తింటాయి. పెద్దవి నేల మీద నాలుక ఆడిస్తూ వాసన పట్టి, గోళ్లతో తవ్వి తింటాయి. వయసు మారితే మేత మారుతుంది, కాలం మారితే మేత మారుతుంది. కాబట్టి ఉడుము బతికే చోటును రెండు కొలతలతో చూడాలి. ఒకటి కదలని మట్టి, రెండోది కలగలుపు తిండి. వీటిలో ఒకటి పుష్కలంగా ఉండి రెండోది లేకపోయినా ఉడుము వంశం నిలవదు. ఈ సీమ చరిత్రలో ఒక్కో దశనూ ఈ రెండు కొలతలతోనే చూద్దాం.

ఈ సీమలో నేల రెండు రకాలు. నిడదవోలు నుంచి తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరే కాలవ దాదాపుగా వాటి మధ్య సరిహద్దు. కాలవకు ఉత్తరాన మెట్ట. ఎర్ర నేలలు, గరువులు, పుట్టలు, తాటి తోపులు. దక్షిణాన పల్లం, ఒండ్రు, నల్లరేగడి, ఆ పైన కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. నీరు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అందువల్ల కొల్లేరు వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. ఐదడుగుల కాంటూరు దగ్గర కొలిస్తే 308 చదరపు కిలోమీటర్లుండే సరస్సు పదడుగుల కాంటూరు దగ్గర 901 చదరపు కిలోమీటర్లు అవుతుంది. ఈ రెండు అంకెల నడుమ ఉన్న నేలంతా ఏటా కొన్నాళ్లు నీటి కిందకు పోగలిగిన నేల. ఆనకట్టలకు ముందు ఈ పల్లంలో తిండికి లోటు ఉండి ఉండదు. లోటల్లా కదలని పొడి మట్టికే. రేగడి తడిస్తే ఉబ్బి బురదవుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందులో గుడ్డు ఎనిమిది నెలలు నిలవడం కష్టం. లంకల దిబ్బలు, మెట్ట అంచులు, పుట్టలు మాత్రమే ఆ పనికి పనికొచ్చేవి.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. విజయవాడ దగ్గర కృష్ణ మీది ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. రెండు నదుల కాలవలూ ఏలూరులో కలిశాయి. ఆర్థర్ కాటన్ పేరుతో ఈ కథను మనం సాధారణంగా నీటి కథగా చెప్పుకుంటాం. దాన్ని మట్టి కథగా కూడా చెప్పుకోవాలి. కాలవ తవ్వితే వచ్చిన మట్టి గట్టయింది. ఆ కాలవలు నీటి పారుదలకే కాదు, పడవల రాకపోకలకూ ఉద్దేశించినవి. పడవకు తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాగేవారు కాబట్టి గట్లు వెడల్పుగా ఉండాలి. మురుగు పోవడానికి కోడులు తవ్వారు, వాటికీ గట్లు లేచాయి. ఊరికీ ఊరికీ మధ్య బళ్లు నడిచే పుంతలు, చెరువు గట్లు, ఊరి దిబ్బలు, శ్మశానాలు సరేసరి. పల్లపు డెల్టాలో ఇలా నీటికి ఎత్తున, అయినా నీటికి దగ్గరగా, తేమ ఆరని మట్టి కొన్ని వందల మైళ్ల పొడవున సమకూడింది. పొలం గట్టును రైతు ఏటా చెక్కుతాడు కాబట్టి అక్కడ గుడ్లు నిలవవు. పుంత గట్టునూ కోడు గట్టునూ తాటిచెట్టు మొదలునూ ఎవరూ చెక్కరు. ఉడుముకు కావలసిన కదలని మట్టి డెల్టా నడిబొడ్డుకు వచ్చింది ఈ గట్ల వెంటే. ఇది అనుమాన ప్రమాణం మీద ఆధారపడిన నిర్ణయమే; కానీ ఉడుము అవసరాలూ, డెల్టా నిర్మాణమూ రెండూ తెలిసినవే కనుక వాటిని కలిపి చూస్తే వేరే నిర్ణయానికి దారి లేదు.

తిండి వైపు నుంచి చూసినా ఆ వందేళ్లూ ఉడుముకు అనుకూలమైన కాలమే. సార్వా, దాళ్వా పంటలతో పొలాల్లో నెలల తరబడి నీరు నిలిచింది. ఆ నీటి వెంట కప్పలు, నత్తలు, పీతలు వచ్చాయి. ధాన్యం వెంట ఎలుకలు, పందికొక్కులు వచ్చాయి. దుక్కికి ఎడ్లు, పాడికి గేదెలు ఉన్న రోజులు కాబట్టి ప్రతి ఊరి చివరా పెంటకుప్పలుండేవి. ఆ కుప్పల్లో కొమ్ముపురుగు లార్వాలు పెరుగుతాయి, పేడ మీద పెంకుపురుగులు వాలుతాయి. కొబ్బరి రైతుకు శత్రువైన కొమ్ముపురుగు లార్వా నేల తవ్వి తినే ఉడుముకు మంచి మేత. ఎవరూ దాని కోసం ఏదీ చెయ్యలేదు. రైతు వరి కోసం నీరు పెట్టాడు, పొలం కోసం ఎరువు కుప్ప వేశాడు, బండి కోసం పుంత వదిలాడు. ఆ మూడింటి అంచుల్లో ఉడుముకు మేత దొరికింది.

ఈ అంచులను బాగా చదివిన మనుషులు ఉన్నారు. కోస్తా జిల్లాల్లో యానాదులు ఎలుక కలుగులను గుర్తించి, కుండలో పొగ పెట్టి ఊది ఎలుకలను బయటకు రప్పించేవారు. కలుగులో దాచిన వరి వెన్నులను తవ్వి తీసుకునేవారు. ఏ కలుగు పాతది, ఏది కొత్తది, లోపల ఉన్నది ఎలుకా పామా ఉడుమా అని మట్టి చూసి చెప్పగల విద్య అది. వాళ్లూ మరికొన్ని వేట కులాలవారూ ఉడుమును కూరకు పట్టారు. నడుం నొప్పికి దాని మాంసం మంచిదనే నమ్మకం, దాని నూనెకు గిరాకీ తెలుగునాట ఇప్పటికీ పోలేదు. సంగీతానికీ ఉడుము చర్మం కావలసి వచ్చింది. పుదుక్కోట మాన్పూండియా పిళ్లై కర్ణాటక సంగీత కచేరీలోకి తెచ్చిన కంజీరకు మొదటి నుంచీ ఉడుము చర్మమే మూత. గోవాలో ఘుమట్ అనే మట్టి వాద్యానికీ అదే వాడేవారు. వీటికి తోడు ఇరవయ్యో శతాబ్దంలో చర్మాల వ్యాపారం పెరిగింది. పాము, ఉడుము, మొసలి చర్మాలు సంచులుగా, చెప్పులుగా, బెల్టులుగా మారడానికి మద్రాసు, కలకత్తా మీదుగా ఓడలెక్కాయి. 1972 చట్టం, 1975లో అమల్లోకి వచ్చిన సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం మొదటి అనుబంధం కలిసి ఈ వ్యాపారానికి అడ్డుకట్ట వేశాయి.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ఉడుముకు చేటు తెచ్చింది వేటే కదా, నేల, తిండి అని డొంకతిరుగుడు ఎందుకు అని అడగవచ్చు. వేట చిన్న విషయం కాదు. 2017లో హత్తా జోడీ అనే పేరుతో పూజా సామగ్రిగా అమ్ముతున్న వేరు అసలు వేరే కాదనీ, మగ ఉడుము జననాంగాలను ఎండబెట్టి అమ్ముతున్నారనీ బయటపడింది. చట్టం వచ్చి నలభై అయిదేళ్లు గడిచాక కూడా ఆ వ్యాపారం సాగుతూనే ఉంది. అయినా వేటకూ నేల పోవడానికీ ఒక తేడా ఉంది. ఒక ఈతలో ఇరవై గుడ్లు పెట్టే జంతువు వేట తగ్గితే కోలుకోగలదు, ఆ గుడ్లు పెట్టడానికి మట్టి మిగిలి ఉంటే. మట్టే పోతే వేటగాడు ఒక్కడూ లేని చోట కూడా దాని వంశం పెరగదు. వేట మీద చట్టం ఉంది, కేసు పెట్టే అధికారి ఉన్నాడు. పుంత గట్టు చదును చేసినవాడి మీద ఉడుము పేరుతో కేసు లేదు. కాబట్టి వేటను ఆపడం అవసరమే గానీ అది సగం పని. మిగతా సగం ఎవరి పనీ కాకుండా పోయింది.

ఆ మిగతా సగం ఎలా చేజారిందో చెప్పాలంటే 1970ల కొల్లేటికి రావాలి. ఆ దశాబ్దం నడుమ ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. కొల్లేటి మత్స్యకారులకు, దళితులకు బతుకుతెరువు చూపాలన్నది దాని ఉద్దేశం. ఆ తరవాత పెట్టుబడి వచ్చింది, లీజులు వచ్చాయి, పొక్లెయిన్లు వచ్చాయి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పెంపకం సరస్సు దాటి చుట్టుపక్కల వరిచేలను కూడా చెరువులుగా మార్చింది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా చేసిన ఒక అధ్యయనం 2001 నాటికి సరస్సులో దాదాపు 40 శాతం చేపల చెరువుల కిందికి పోయిందని చూపింది. 1999లో ఐదడుగుల కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో 90,100 హెక్టార్ల మేర సరస్సు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువు గట్లను పేల్చి తెంచారు. తరవాత చాలా చోట్ల మళ్లీ గట్లు లేచాయి. ఈ కథను పక్షుల వైపు నుంచీ, మత్స్యకారుల వైపు నుంచీ, వరద నీటి వైపు నుంచీ చాలామంది రాశారు. మట్టి వైపు నుంచి చూస్తే కనిపించేది ఇది: ఏటా కదలని మట్టి ఉన్న సీమ ఏటా కదిపే మట్టి ఉన్న సీమగా మారింది.

చెరువులంటేనే గట్లు కదా, గట్లు ఇంకా పెరిగాయి కాబట్టి ఉడుముకు మేలే జరిగి ఉండాలి కదా అన్నది రెండో అభ్యంతరం. పైకి బలమైన మాటే. గట్టు పొడవును మాత్రమే కొలిస్తే అది నిజం కూడా. కానీ గట్టు పని ఎలా నడుస్తుందో చూడాలి. పట్టుబడి అయ్యాక చెరువు నీరు తోడేస్తారు, అడుగు ఎండబెడతారు, పేరుకున్న బురద గీకి గట్ల మీదకు ఎత్తుతారు, అలలకు కోసుకుపోయిన వాలులను యంత్రంతో తీర్చిదిద్దుతారు. చేప తినే పక్షులకు చోటు ఇవ్వకూడదని గట్టు మీద చెట్టు పెరగనివ్వరు. గట్టు వెడల్పు లారీ తిరగడానికి, వాలు నీరు నిలవడానికి. అందులోని రేగడి తడిస్తే జారుతుంది, ఎండితే రాయవుతుంది. వాన రోజుల్లో గుంట తవ్వి పెట్టిన గుడ్లు వేసవి దాకా ఆ గట్టులో చెక్కుచెదరకుండా ఉండాలంటే యజమాని ఆ ఏడాది గట్టు ముట్టుకోకుండా ఉండాలి. కొలవాల్సింది గట్టు పొడవును కాదు, దాని వయసును. కాలవ గట్టుకు వందేళ్లుంటే చెరువు గట్టుకు ప్రతి ఏడాదీ కొత్త పుట్టుకే.

తిండి ఉంటే చాలదనడానికి పక్షుల చరిత్ర మంచి సాక్ష్యం. 1940లలో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలో ఒక పల్లె చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతుల పెద్ద కాలనీని పరిశీలించి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని గురించి రాశారు. ఆ కాలనీ తరవాతి దశాబ్దాల్లో లేకుండా పోయింది. ఆ తరవాత కొల్లేటి చుట్టూ చేప ఉత్పత్తి తగ్గలేదు సరికదా, ఎన్నో రెట్లు పెరిగింది. అయినా గూడబాతులు ఇక్కడ మళ్లీ పిల్లలను పెంచింది కైకలూరు దగ్గర ఆటపాకలో, చెట్లతో పాటు అటవీ శాఖ నీటి మధ్య నిలబెట్టిన ఇనుప స్టాండ్లు దొరికాకే. చేప ఉన్నా గూటికి చోటు లేకపోతే పక్షి నిలవదు. చోటు చూపితే వచ్చి కట్టుకుంటుంది. పక్షికి గూడు కనిపిస్తుంది కాబట్టి దాని లోటు మనకు తెలిసింది. ఉడుము గూడు మట్టి కింద ఉంటుంది. దానికి ఇనుప స్టాండు కట్టి ఇచ్చే వీలు లేదు. దానికి ఇవ్వగలిగింది ముట్టుకోని మట్టి మాత్రమే.

తిండి కొలత కూడా ఇదే కాలంలో దెబ్బతింది. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణ రకాన్ని విడుదల చేసే నాటికి డెల్టా వరి ఎరువులు, పురుగుమందుల మీద ఆధారపడిన పంటగా మారిపోయింది. దిగుబడి పెరిగింది, కోట్ల మంది కడుపు నిండింది; దాన్ని తక్కువ చేయలేం. కానీ వ్యవసాయంలో డీడీటీని 1989లో, బీహెచ్‌సీని 1997లో, ఎండోసల్ఫాన్‌ను 2011లో ఆపేదాకా అవి దశాబ్దాల పాటు పొలాల మీద పడ్డాయి. వీటి అవశేషాలు పురుగు నుంచి కప్పకు, కప్ప నుంచి దాన్ని తినే జంతువుకు చేరుతూ పోయేకొద్దీ చిక్కబడతాయి. ఎలుకల నిర్మూలనకు 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమాడయొలోన్ మందు కలిపి కలుగుల్లో పెట్టడం ఇప్పటికీ సిఫారసు చేసే పద్ధతే. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది, తినేవాటికి తేలికగా చిక్కుతుంది. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు తగ్గాయి, ఎడ్లతో పెంటకుప్పలు తగ్గాయి. చెరువుల వైపు చూస్తే చేపకు వేసేది నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క. నిషేధం ఉన్నా క్యాట్‌ఫిష్ చెరువులకు కోడి వ్యర్థాలు తోలుతున్న లారీలను అధికారులు పట్టుకున్న వార్తలు వస్తూనే ఉన్నాయి. కుళ్లిన మాంసం ఉడుము తింటుంది, నిజమే. కానీ కలగలుపు మేత బదులు ఒకే రకం తిండి కుప్పగా దొరకడం మేలు కాదని పెంపకందారుల అనుభవమే చెబుతోంది.

ఆ అనుభవం ఎక్కువగా ఆఫ్రికా సవన్నా ఉడుముది. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి లక్షల సంఖ్యలో అమెరికాకు, ఐరోపాకు ఎగుమతైన జంతువు అది. మొదట్లో దాన్ని గాజు పెట్టెలో పేపరు మీదో చెక్కపొట్టు మీదో ఉంచి, ఎలుకలు, గుడ్లు, డబ్బా మాంసం పెట్టేవారు. అది కొవ్వెక్కింది, కాలేయం చెడింది, యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్లు వాచాయి. తవ్వడానికి మట్టి లేక ఆడవి గుడ్లు పెట్టలేక కడుపులోనే పెట్టుకుని చచ్చాయి. డేనియల్ బెన్నెట్ ఘనాలో పొలాల దగ్గర బతికే ఉడుములను పరిశీలించాక అవి తినేవి ప్రధానంగా కీచురాళ్ల వంటి పురుగులే అని తేలింది. ఇవాళ అక్కడి శ్రద్ధగల పెంపకందారులు చెప్పేది ఇదే: ఒండ్రు, ఇసుక కలిపిన తేమ మట్టి రెండడుగులకు తక్కువ కాకుండా పోయాలి, అందులో కలుగు తవ్వితే కూలకుండా నిలవాలి, ఒక మూల బాగా వేడిగా ఉండాలి, తిండిలో పురుగులే ఎక్కువ ఉండాలి. ఎన్నో జంతువుల ప్రాణం ఖర్చు పెట్టి వాళ్లు నేర్చుకున్న పాఠం ఒక పుంత గట్టు వివరణలా ఉంది. అంతా చేసినా ఆ పెట్టె గట్టుకు నకలే.

అయితే పెంపకం వల్లనైనా జాతి నిలుస్తుంది కదా, స్వదేశీ ఉడుము కుదరకపోతే విదేశీది పెంచుకోవచ్చు కదా అన్నది ఇంకో ప్రశ్న. విదేశీ జాతులను నమోదు చేసుకుని పెంచుకునే వీలు ఉంది. సైటిస్ జాబితాలో ఉన్న జంతువుల నమోదుకు కేంద్రం 2024లో నియమాలు తెచ్చింది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన పని తేలిక కాదు. రెండడుగుల మట్టి, దానికి తగిన పెద్ద గది, ఏళ్ల తరబడి పురుగుల మేత ఏర్పాటు చేయగలిగినవాడు ఊరికి ఒకడు దొరకడం కష్టం. చేతకాని పెంపకం జంతువుకు హింస. తప్పించుకున్న విదేశీ జంతువు ఈ నేలకు చేటు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మన చెరువుల నుంచి కాలవల్లోకి పాకిన తరవాత ఆ హెచ్చరికకు వేరే ఉదాహరణ అక్కరలేదు. మన ఉడుము సంగతికొస్తే, పెట్టెలో పుట్టిన పిల్లలను వదలడానికి మళ్లీ గట్టు కావాలి. గట్టు ఉంటే పెట్టె అక్కరలేదు, గట్టు లేకపోతే పెట్టె వల్ల ఉపయోగం లేదు.

చివరి అభ్యంతరం రైతుది, చెరువు కూలీది. కోడిపిల్లలను తినే జంతువు కోసం మేము భూమి వదులుకోవాలా, కొల్లేటి చట్టాల వల్ల ఇప్పటికే బతుకులు చితికినవాళ్లం మేమే కదా అని వాళ్లడిగితే అందులో న్యాయం ఉంది. 1999 తరవాత కొల్లేటిలో జరిగిన పొరపాటు, కాపాడే భారం మొత్తం లంక గ్రామాల పేదల మీద వేసి, పెద్ద లీజుదార్లను వదిలేయడం. ఉడుము విషయంలో ఆ పొరపాటు అక్కరలేదు. దానికి కావలసింది పొలం కాదు, అంచు. ఆ అంచులు చాలావరకు ప్రభుత్వ భూములే: పుంత పోరంబోకు, కాలవ గట్టు, మురుగుకోడు గట్టు, శ్మశానం, ఊరి చెరువు. వీటిని ఆక్రమించేది సాధారణంగా పేదవాడు కాదు. కోడిపిల్లల నష్టం నిజమే గానీ, ఎలుకలను, పందికొక్కులను, కొమ్ముపురుగు లార్వాలను తినే లాభం దానికి ఎదురు ఉంది. ఆ లాభం పోయిన లోటును ఇవాళ మనం విషం కొని పూడ్చుకుంటున్నాం.

2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఈ ఉడుమును ముప్పుకు చేరువైన జాతుల వర్గంలో చేర్చింది. ఇప్పుడు చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మెట్టకూ పల్లానికీ సరిహద్దు అయిన ఏలూరు కాలవ వెంట, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా, అక్కడి నుంచి కొల్లేటికి దిగే కోడుల వెంట పుంతలను, గట్లను రెవెన్యూ రికార్డుల్లో ఉన్నట్టు కొలిచి హద్దు రాళ్లు వేయాలి. కాలవల శాఖ గట్టు బాగుచేసేటప్పుడు రెండు వైపులా ఒకే ఏడాది చెక్కకుండా వంతులవారీగా చెక్కాలి. వానల నుంచి వేసవి దాకా మట్టి పని ఆపాలి. పుట్టలనూ పాత తాటిచెట్లనూ గట్టు పనిలో వదిలెయ్యాలి. ఎలుకల మందు పొలం మధ్యకే పరిమితం చెయ్యాలి. అభయారణ్యం లోపల తెగిన చెరువు గట్లను మళ్లీ కట్టనివ్వకూడదు, అయితే లంకల దిబ్బలను చదును చెయ్యనూ కూడదు. ఇవన్నీ ఇప్పుడున్న అధికారాలతో ఇప్పుడున్న శాఖలు చేయగలవి. కాటన్ కాలంలో గట్లు వేసినవాళ్లకు ఉడుము ధ్యాస లేదు. వాళ్ల పని వల్ల అది బతకడం యాదృచ్ఛికం. మనకు తెలుసు. తెలిసి కూడా యాదృచ్ఛికానికే వదిలేస్తే మొదటి షెడ్యూల్‌లో రాసుకున్న ఆ పేరుకు అర్థం ఉండదు. ఉడుముకు ఏ నేల, ఏ తిండి అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసింది పెంపకందారు కాదు. పంచాయతీ, కాలవల శాఖ, అటవీ శాఖ, రైతు కలిసి చెప్పాలి, గట్టు మీద పార వేసే ప్రతి ఏడాదీ చెప్పాలి.